గులాబీ వాసన పాలు

మా అవ్వ, అంటే అమ్మ, బర్రెకు అత్తరు తాగిస్తుందని మందమర్రి కాలనీలో చాలాకాలం చెప్పుకున్నారు. అది నిజం కాదు. తాగించింది అత్తరు చేసేవాళ్ళు కొనుక్కునే నూనె, అదీ కుడితిలో నాలుగు చుక్కలు. కానీ మా కాలనీలో ఒక మాట పుట్టాక దాన్ని సరిదిద్దడానికి బయలుదేరినవాడు ఇంకో రెండు కలిపి తిరిగొచ్చేవాడు. అందుకని మేం ఊరుకున్నాం.

బాపుకు బొగ్గుబాయిలో పని దొరికి సుల్తానాబాద్ పక్క పల్లె నుంచి మమ్మల్ని తీసుకొచ్చేటప్పుడు, బర్రెను వదిలి రానని అవ్వ మొండికేసింది. క్వార్టర్ వెనక రేకుల కొట్టం వేసి, అందులో బర్రెను కట్టి, ఇండ్లకు పాలు పోయడం మొదలుపెట్టింది. కాలనీలో పాలు పోసేవాళ్ళంతా నీళ్ళు కలిపేవాళ్ళే. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పెద్దగా బాధపడేవారు కాదు. అవ్వ మాత్రం కలిపేది కాదు. కలపకుండా ఊరుకుంటే పోయేది, కలపలేదని ఇంటింటికీ చెప్పేది. అక్కడే వచ్చింది చిక్కు. కలిపేవాళ్ళను పల్లెత్తు మాట అనని జనం, మా అవ్వ పాల సర్వలోకి మాత్రం వంగి వంగి చూసేవారు.

అవ్వకు డబ్బాశ లేదని నేననను. కానీ మంచిపేరు మీద అంతకంటే ఎక్కువ ఆశ. ఆరేసిన బట్టల మీద సాయంత్రానికి బొగ్గుపొడి పేరుకునే చోట, తన పేరొక్కటి తెల్లగా ఉండాలని పట్టు పట్టింది. ఆ పట్టు చూస్తే నాకు ముచ్చటా వేసేది, విసుగూ పుట్టేది.

ఒక ఏడు వానలు వెనకపట్టే రోజుల్లో బర్రె మేత ముట్టడం మానేసింది. పొట్ట ఉబ్బింది. వాము నూరి పోసింది అవ్వ, ఇంగువ పెట్టింది, రాజన్న దేవుడికి మొక్కింది. పాలు సగానికి పడిపోయాయి. సరిగ్గా అప్పుడే మా మేనమామ దిగాడు. ఆదిలాబాద్ అడవుల్లో రోషా గడ్డిని పెద్ద డేగిసాల్లో ఉడికించి నూనె తీసే భట్టీ దగ్గర పనిచేసేవాడు ఆయన. ఆ నూనెకు గులాబీ వాసన. మామకు కూడా అదే వాసన. ఆయన సందు మలుపు తిరగకముందే మాకు తెలిసిపోయేది.

"అక్కా, భట్టీ కాడ ఉడికిన గడ్డి పిప్పి తిని మా ఎడ్లు ఎట్ల నిగనిగలాడుతున్నయో నువ్వు చూడలే. కడుపుల గాలి నిలువదు. జర ఈ నూనె కుడితిల ఎయ్యి," అని సంచిలోంచి చిన్న సీసా తీశాడు.

"పాలు కంపు కొడితే ఎట్లరా?" అంది అవ్వ.

"కంపు కాదే, గులాబి."

మామ చెప్పిందాంట్లో చాలా శాస్త్రం ఉందని బాపు వెంటనే ఒప్పేసుకున్నాడు. ఒప్పుకోకపోతే బర్రెను పశువుల దవాఖానా దాకా తోలుకుపోయే పని ఆయన మీద పడుతుంది.

రెండు మూడు రోజుల్లో ఉబ్బరం తగ్గింది. నూనె పనో, వాము పనో, రాజన్న దయో నాకీనాటికీ తెలియదు. మామకు మాత్రం అనుమానమే లేదు. వెళ్తూ వెళ్తూ సీసా మాకే ఇచ్చి, రోజూ వేయమన్నాడు. బర్రె ఆ కుడితిని మూతి ఎత్తకుండా తాగేది. పాలు మళ్ళీ సర్వ నిండాయి. కాకపోతే గులాబీ వాసన వేశాయి.

మొదటిరోజు అవ్వ భయం భయంగానే బయలుదేరింది, వెంట నేను. బాయిలో కార్మికుల పని చూసే ఓవర్‌మన్ గారి భార్య, కోస్తా వైపు నుంచి వచ్చినావిడ, గిన్నెను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది.

"ఇన్నాళ్ళకు అసలైన పాలు పోశావమ్మా. నీళ్ళు కలిస్తే ఈ వాసన నిలుస్తుందా?" అంది.

నూనె సంగతి చెప్పబోయి అవ్వ ఆగిపోయింది. అసలైన పాలు అన్న మాట కోసం ఆమె ఎన్ని గడపలెక్కి దిగిందో నాకు తెలుసు. ఆ మాట చేతికందాక వెనక్కి ఇవ్వబుద్ధి కాలేదు. చాయ్ హోటల్ సేటు ఇంకో అడుగు ముందుకేసి గులాబీ చాయ్ అని పలక మీద రాసిపెట్టాడు. షిఫ్టు దిగిన కార్మికులు మొహం కడుక్కోకుండానే అక్కడ చేరేవారు. ఆ చలికాలమంతా అవ్వ నడక మారిపోయింది.

ఎండలు ముదిరేసరికి సీసా అడుగంటింది. గడ్డి కోత అయిపోయి భట్టీ కూడా మూతపడింది. మామ ఎక్కడున్నాడో తెలియదు. బర్రె మామూలు కుడితి తాగి, మామూలు పాలిచ్చింది.

"ఏమ్మా, మొదలుపెట్టావా?" అంది ఓవర్‌మన్ గారి భార్య.

"ఏంది?"

"నీళ్ళు కలపడం."

అవ్వ అక్కడే పాలు కాచి చూడమంది. మీగడ మందంగా కట్టింది. ఆవిడ దాన్ని వేలితో తీసి చూసి, "మీగడదేముంది, వాసనేదీ?" అంది. సేటు అయితే, "పాలల్ల జాన్ లేదక్కా," అని సగమే పోయించుకున్నాడు.

నాలుగు రోజులు ఓర్చుకుంది అవ్వ. తర్వాత ఒక పొద్దున, పాలు పిండి వచ్చి, చీపురు పుల్లను సీసా అడుగున తిప్పి తీసి సర్వలో ముంచి కలిపింది. బాపు చూశాడు.

"బర్రె కడుపుల నుంచి రావాల్సినదాన్ని దగ్గరి తొవ్వల పంపుతున్నవా?" అన్నాడు.

అవ్వ సర్వ ఎత్తుకుని బయలుదేరింది. ఆ రోజు గడపగడపకూ మెప్పులే. "ఇగ గిట్లనే పొయ్యక్కా," అన్నాడు సేటు. ఇంటికొచ్చి అవ్వ కొట్టంలో కూర్చుని ఏడ్చింది.

"ఏం కలుపనప్పుడు దొంగనైన. కలిపిననాడు మంచిదాన్నైన," అంది. నాకు కాలనీ మొత్తం మీద ఒళ్ళు మండిపోయింది.

మరునాడు వట్టి పాలతోనే వెళ్ళింది. ప్రతి వాకిట్లో నిలబడి, "నిన్న పాలల్ల నూనె కలిపిన. నీళ్ళు మాత్రం ఎన్నడు కలుపలే," అని చెప్పింది. మొదటి మాటను అందరూ అక్కడికక్కడే నమ్మారు. నేను అనుకుంటూనే ఉన్నానంది ఓవర్‌మన్ గారి భార్య. ఆ పూట నుంచే వేరే అతని దగ్గర పోయించుకుంది. అతను సగానికి సగం నీళ్ళు కలిపేవాడు, దాని గురించి ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు. సేటు మాత్రం కోపగించుకోలేదు. "సీసా ఉంటే నాకియ్యక్కా, నేనే కలుపుకుంట," అన్నాడు.

సర్వ దాదాపు నిండుగానే ఇంటికి తిరిగొచ్చింది. అవ్వ మమ్మల్ని పిలిచి గ్లాసులు నింపి చేతికిచ్చింది. నేను గ్లాసు నోటిదాకా ఎత్తానో లేదో, నా మొహంలోకి చూస్తూ మెల్లగా అంది:

"తాగు బిడ్డా. గీ పాలల్ల ఏం కలుపలే."