పెద్ద తెర మీద నా రహస్యం

ఇంట్లో మనిషికో ఫోను వచ్చినా, ఎవరి ఫోను వాళ్ళదేనన్న సంగతి ఆ రోజుల్లో మా తెనాలి ఇంట్లో ఎవరికీ పట్టేది కాదు. నా ఫోను టింగుమంటే చాలు, మా పెద్దమ్మ గరిటె పక్కన పెట్టి మరీ చూసేది. "రేపల్లె చీరల కొట్టు అబ్బాయేనే! అన్నం తిన్నావా అంటున్నాడు. తిన్నానని కొట్టనా?" (అడిగేలోపే కొట్టేసేది.) నాకు నిశ్చితార్థమైంది, పెళ్ళికింకా వ్యవధి ఉంది.

కాబోయే ఆయన్ని ఒక్క మాట అడగాలి నేను. బాపట్ల స్కూల్లో పిల్లలకి కంప్యూటరు పాఠాలు చెప్పే ఉద్యోగమంటే నాకు ప్రాణం. పెళ్ళయ్యాక మానేయమంటారేమోనని ఒకటే గుబులు. మా వాళ్ళ చెవిన పడితే "ఇప్పుడెందుకే ఆ గొడవ" అని నోరు మూయిస్తారు. అందుకని పంతులమ్మ తెలివంతా ఉపయోగించి, ఏ యాప్ భద్రమో తెగ చదివి, మధ్యలో కంపెనీవాడు కూడా చదవలేనిదీ, మెసేజ్ కాసేపటికి దానంతటదే చెరిగిపోయేదీ ఒకటి పట్టాను. దానికి వేలిముద్ర తాళం పెట్టాను. ఆయన చేత కూడా అదే యాప్ పెట్టించాను. "ఇంత అవసరమంటారా?" అన్నారాయన. "ప్రైవసీ అంటే ఏంటనుకున్నారండీ!" అని ఫోన్లోనే క్లాసు పీకాను.

ఓ ఉదయం బాపట్ల రైల్లో కూర్చుని ధైర్యం చేసి కొట్టేశాను. "పెళ్ళయ్యాక నేను ఉద్యోగం మానను. మీకిష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి."

బడి చేరేదాకా నిమిషానికోసారి ఫోను తీసి చూసుకున్నాను. ఆ కంగారులో క్లాసులో ఏం చేశానో నాకే తెలియదు. "టీచర్, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదన్నారు, మీరే బోర్డు మీద రాశారండి!" అని పిల్లలు ఘొల్లుమన్నారు. మధ్యాహ్నం ఫోను మోగింది. చూస్తే కాబోయే అత్తగారు!

"అమ్మాయ్, ఉద్యోగం మానకు. ఇక్కణ్ణుంచి బాపట్లకి పొద్దున్నే బస్సుంది. క్యారేజీ నేను కట్టిస్తాగా. వాడు చీరలకని ఈపురుపాలెం వెళ్ళాడు, ఆ మగ్గాల చప్పుడులో ఫోనేం చూస్తాడు!"

"మీకెలా తెలిసిందండి?"

"కొట్లో కంప్యూటర్ మీద పడిందమ్మా. చీరల ఫొటోలు పెద్దగా కనపడతాయని, నువ్వు పెట్టించిన ఆ యాప్ కూడా దానికే తగిలించాడుగా! గుమాస్తా కూడా మానొద్దనే అంటున్నాడు. బేరానికొచ్చిన కొలకలూరు వదినగారూ అదే మాట."

సిగ్గుతో చచ్చాను. ఫోను పెట్టేశాక సంతోషం పట్టలేక స్టాఫ్ రూములో ఏడ్చేశాను.

ఆ యాప్ కోసం అంతంత చదివిన పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. ఫోనుకి తాళం వేస్తే సరిపోదు, అది ఇంకెక్కడెక్కడ తెరిచి ఉందో చూసుకోండని మా స్కూలు పిల్లలకి రోజూ చెబుతాను. కానీ మా కొట్లో కంప్యూటర్లోంచి ఆ యాప్‌ని మాత్రం ఇంతవరకూ తీయించలేదు. అత్తయ్యని అడగడానికి మొహమాటమైనవన్నీ ఆయనకి "చాలా రహస్యం" అని పంపిస్తుంటాను. నిన్న కూడా, చేపల పులుసు తినాలనుందని బస్సులోంచి పంపాను. ఇల్లు చేరేసరికి పొయ్యి మీద ఉడుకుతోంది.