కండెల బుట్టలో మన్ను

మొన్న కాన్పుకు వచ్చిన మా చిన్నబిడ్డ కొంగుముడి విప్పితే బలపం ముక్కలు రాలిపడ్డాయి. మా ఆవిడ వాటిని చూసి లోపలికి వెళ్లిపోయింది. మీ ఇండ్లలోనూ ఇలాంటివి చూసి నవ్వి ఊరుకుని ఉంటారు. నాకు నవ్వు రాలేదు. ఇరవై ఏండ్లుగా మా చుట్టాలంతా నమ్ముతున్న మాట అబద్ధమని అప్పటికి మా ఇద్దరికే తెలుసు.

అరవైల మొదట్లో మాది కేతేపల్లి పక్కన గుంటమగ్గం ఉన్న ఇల్లు. ఎండాకాలం పోగులు తెగకుండా, నేను కాళ్లు పెట్టుకునే గుంటలో నీళ్లు చల్లేవాళ్లం. ఆ తడిమట్టి వాసన ఇల్లంతా కమ్ముకునేది. తొలిచూలుతో ఉన్న మా ఆవిడ పక్కనే నూలు కండెలు చుడుతూ, ఆ వాసనకు మన్ను నోట్లో వేసుకోకుండా నిలువలేకపోయేది. తిన్నదేమోనని మా అమ్మ ఆమె నోరు తెరిపించి నాలుక చూసేది. నేనేమో గుంట గోడ గోకి, పెళ్లలను కండెల బుట్ట అడుగున దాచి ఆమె వైపు నెట్టేవాణ్ణి. ప్రేమతోనే అనుకునేవాణ్ణి గానీ, మన్ను దొరికిన రోజు ఆమె చేయి చురుగ్గా ఆడేది, నా నేత ఆగేది కాదు.

ఏడో నెలకు ఆమె గోళ్లు పాలిపోయాయి, నాలుగడుగులకే ఆయాసం. నల్లగొండలో దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ కంటిరెప్ప లాగి చూసి, మన్ను తింటదా అని అడిగింది. తింటే కడుపులో పురుగులు పడతాయి, రక్తం పట్టదు, పుట్టే బిడ్డ ప్రాణానికే మోసం, దాచొద్దు అంది. మా ఆవిడ నా ముఖం చూసింది. పక్కన మా అమ్మ ఉంది.

"తినదమ్మా" అన్నాను.

నెల ముందే ఆడపిల్ల పుట్టింది, అరచేతిలో ఇమిడేంత. చీకే బలం లేక, తొమ్మిది రోజులు దూదితో పాలు పట్టాం. పదో రోజు ఆ పని లేకపోయింది. ఆ వారంలోనే బుట్ట అడుగున మట్టిపెళ్ల మా అమ్మ కంటబడింది.

"మన్ను బుక్కి బుక్కి పొల్లను పొట్టనబెట్టుకున్నవు గదనే!"

మా ఆవిడ నా పేరు చెప్పలేదు. నేను మగ్గం గుంటలోంచి లేవలేదు. అమ్మ పోయినా, చుట్టాల నోట ఆ నింద ఆమెనే అంటుకుని ఉంది. ఆ మన్నుతోనే బిడ్డ పోయిందో లేదో నాకు తెలియదు. డాక్టరమ్మ అడిగిన రోజు చెప్పి ఉంటే మందన్నా ఇచ్చేవారు.

మొన్న చిన్నబిడ్డను నేనే దవాఖానకు తీసుకుపోయి బలపం సంగతి చెప్పాను. ఇంటికొచ్చి, పాత సంగతి కూడా అందరి ముందూ చెప్పాను. మా ఆవిడ బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు.

"గీ మాట మీ అమ్మ ఉన్నప్పుడు జెప్పకపోతివి."

ఇప్పుడు నర్సమ్మలు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి మాత్రలిస్తున్నారు, సిగ్గుపడకుండా చెప్పమంటున్నారు. మగ్గం గుంట పూడ్చి గచ్చు చేయించాం. అయినా తొలకరి చినుకు పడి, మనందరికీ ఇష్టమైన ఆ వాసన లేవగానే, మా ఆవిడ లేచి వెళ్లి తలుపు వేసేస్తుంది.