మనిషెత్తు రాతికుప్ప

నేను ఒక్క గది బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. పద్నాలుగేళ్ళకే రెండు వేల గొర్రెల మందను ఈ నెవాడా కొండలు దాటించాను. లోయలో నలభై ఒక్క బావులు తవ్వించాను, ఒక్కటీ ఎండలేదు. జిల్లా సంతలో నా పొట్టేలు మూడుసార్లు మొదటి బహుమతి కొట్టింది. ఇన్ని చేసినవాణ్ణి, పోయిన ఆగస్టులో ఒక మధ్యాహ్నం వణికిపోయాను. మా చెల్లెలు గ్రాసియానా గురించి రాయాలంటే అది చెప్పక తప్పదు.

గ్రాసీకి అరవై ఎనిమిదేళ్ళు. ఎండిన సరస్సు ఒడ్డున ఒక పెట్రోలు పంపు, పక్కనే కొట్టు నడుపుతుంది. కొట్టు వెనకే మా ఇద్దరి ఇల్లు. బురదలో దిగబడ్డ బళ్ళను అప్పటికి యాభై మూడు లాగింది. కొట్టు గోడకు ఒక పలక వేలాడుతుంటుంది. సరస్సు మీదికి పోయేవాళ్ళు దాని మీద పేరూ, పోయే చోటూ రాయాలి. తిరిగొచ్చి తమ చేత్తోనే తుడవాలి. తుడిచేదాకా ఆమె కొట్టు కట్టేయదు.

మా నాన్న స్పెయిన్, ఫ్రాన్సుల సరిహద్దు కొండల్లోని బాస్కు దేశం నుంచి వచ్చిన గొర్రెలకాపరి. వాన పడితే సరస్సు నేల జిగురైపోతుంది, పెట్టిన కాలు పైకి రాదు. అందుకని గట్టినేల వెంబడి ఆయన మోకాలెత్తు రాతికుప్పలు పేర్చాడు. నేను పద్దెనిమిదో ఏట, మంద కాసే విసుగులో, సరస్సు నడుమ ఉన్న రాతిదిబ్బ మీద మనిషెత్తు కుప్ప కట్టాను. అది ఏ దారికీ గుర్తు కాదు. నా గొప్ప కోసం కట్టాను.

ఆ ఆగస్టు రోజు నేను కొట్టులో కూర్చుని ఉండగా, జూదశాలల ఊరినుంచి నోరీన్, ఆమె భర్త క్లైడ్ వచ్చారు.

"అక్కడ దీపాలూ గంటల మోతా తప్ప ఏముంది పెద్దాయనా? అసలు నెవాడా చూద్దామని బయల్దేరాం" అంది నోరీన్. వేడినీటి ఊటలు, పాడుబడ్డ గని ఊరు అప్పటికే చూసేశారట.

"అవన్నీ అందరూ చూసేవేనమ్మా! అదిగో, ఆ పొడుగు కుప్ప చూడండి. నేను కట్టిందే. అరవై మూడేళ్ళుగా రాయి కదల్లేదు."

క్లైడ్ పడమటి మబ్బు చూపించాడు. "వాన వస్తుందేమో?"

"ఈ ఆకాశం నాకు తెలీదా? అది కొండ దాటదు."

వాళ్ళు పలక మీద పేర్లు రాసి బండెక్కారు. గంటలో మబ్బు కొండ దాటింది.

గ్రాసీ వంటింట్లో పొయ్యి మీద గొర్రెమాంసం పులుసు వదిలి బయటికొచ్చింది. ఆకాశం చూసింది, పలక చూసింది.

"వీళ్ళని అక్కడికి పొమ్మన్నదెవరు?"

"నేనే."

"వానొస్తుందని చెప్పలేదా?"

"రాదని చెప్పాను."

"ఎనభై ఒకటొచ్చినా నీ కుప్ప మీద మురిపెం తీరలేదా అన్నయ్యా!" అంటూ బూట్లు విప్పి, తాడు భుజాన వేసుకుంది.

"బండి తీసుకెళ్ళవే!"

"అది దిగబడితే లాగేదెవరు, నువ్వా?"

నా మోకాళ్ళు నాలుగడుగులు కూడా వేయనీయవు. కిటికీ దగ్గర దుర్భిణీతో కూర్చున్నాను. అటు అప్పటికే వాన పడుతోంది, దిగబడ్డ బండి వదిలేసి ఆ ఇద్దరూ దిబ్బ ఎక్కారు. గాలికి తట్టుకోలేక నా కుప్పను ఆనుకుని నిలబడ్డారు. మెరుపులు మొదలయ్యాయి. మైళ్ళ తరబడి చదునులో దానికంటే ఎత్తయినది ఇంకొకటి లేదు. "దూరం జరగండర్రా!" అని కిటికీ అద్దంలోంచి అరిచాను. ఎవరికి వినిపిస్తుంది? నాన్న పెట్టిన మూడో కుప్పను గ్రాసీ దాటింది. ఆ తర్వాత వాన తెర దించేసింది.

గంట గడిచాక, ఆమె పేరు పలక మీద లేదని గమనించాను. సుద్దముక్కతో నేనే రాశాను. రాస్తుండగానే ఇల్లంతా తెల్లబడింది. పిడుగు ఆ దిక్కునే పడింది. చేతిలోని సుద్ద విరిగింది. లోపల పులుసు మాడుతోంది. నేను పలక ముందు నుంచి కదల్లేదు. అమ్మ పోతూ పోతూ గ్రాసీని నా చేతిలో పెట్టింది. అమ్మకు ఏం చెప్పాలి?

ఆమె వెళ్ళిన రెండున్నర గంటలకు, ఒకే తాడుకు కట్టుకున్న మూడు మట్టిబొమ్మలు గుమ్మంలోకొచ్చాయి. ముగ్గురూ నడుస్తున్నారు. నేను మూడుసార్లు లెక్కపెట్టుకున్నాను.

"కుప్పకి అతుక్కుపోయి ఉన్నారు. తిట్టి ఈడ్చుకొచ్చా. దిబ్బ దిగామో లేదో పిడుగు పడింది. నీ కుప్ప ఇప్పుడు సగమే" అంది గ్రాసీ.

నోరీన్ తడిచేత్తో తమ పేర్లు తుడిచింది. కింద ఇంకో పేరుంది.

"నా పేరు రాసిందెవరు? కోడి గెలికినట్టుంది! బడిలో చేతిరాతకి బహుమతి కొట్టానంటావుగా?"

గ్రాసీ గుడ్డ నా చేతిలో పెట్టింది.

"తుడువు."

"వెళ్ళొచ్చినవాళ్ళే తుడవాలి. నియమం నీదే."

"నీ మొహం చూస్తే నువ్వూ అక్కడిదాకా వెళ్ళొచ్చినట్టే ఉంది. తుడువు అన్నయ్యా."

తుడిచాను.

తొమ్మిది రోజులకు నేల ఆరింది. వాళ్ళ బండిని లాగి, గ్రాసీ తన లెక్కను యాభై నాలుగు చేసుకుంది. నన్ను దిబ్బ దాకా బండిలో తీసుకెళ్ళి, చెయ్యి పట్టి పైకెక్కించింది. మిగిలిన సగాన్ని నా చేతులతోనే, ఒక్కో రాయీ దించాను. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నమైంది. నేను చేసిన పనుల్లో దాన్నీ కలిపి రాస్తున్నాను.