చేతులు ఖాళీ లేని పిల్లకు టేపు పాఠం

1990వ సంవత్సరం. సోలాపూర్‌లో ఒక తెలుగు మీడియం హైస్కూల్లో నేను చరిత్ర, భూగోళం చెప్పేదాన్ని. మా మగపిల్లలు ఎక్కువగా దాజీ పేట్, కుమఠా నాకా మగ్గాల ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళు. ఆడపిల్లల్లో చాలామంది విడీ ఘర్కుల్ వాళ్ళు. అది బీడీ కార్మికుల కోసం కట్టిన కాలనీ. పంతులమ్మను మా ఊళ్ళో మరాఠీ అలవాటు కొద్దీ ‘బాయి’ అంటారు. కొత్తలో ఆ పిలుపు నాకు నచ్చేది కాదు. రిటైరయ్యేనాటికి ఇంకే పిలుపూ నచ్చకుండా పోయింది.

ఆ ఏడాది మా బడికి ఒక టూ-ఇన్-వన్ వచ్చింది. రేడియో, టేప్ రికార్డర్ రెండూ ఒకే డబ్బాలో ఉండేవి. పిల్లలకు వినిపించి పాఠాలు చెప్పండని ఇచ్చారు. హెడ్మాస్టరు గారు మాత్రం దాన్ని జాగ్రత్తగా బీరువాలో పెట్టి తాళం వేశారు. కొత్త యంత్రం కనబడితే నాకు కాలు నిలవదు. బీరువాకు పాఠం వినిపించడానికా దాన్ని తెచ్చింది అని ఆయన ప్రాణం తీసి, చివరికి నా పూచీ మీద బయటికి తీయించాను.

సరిగ్గా అప్పుడే ఆ కాలనీ నుంచి వచ్చే లలిత సంగతి వచ్చింది. మార్చిలో జరిగిన పదో తరగతి పరీక్షలో అన్నీ గట్టెక్కి, ఒక్క నా సబ్జెక్టులో తప్పింది. నాకు ఒళ్ళు మండింది. అక్టోబరులో మళ్ళీ రాసే వీలుందని చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ నర్సవ్వ వసారాలో గోడకు ఆనుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుంది. చాటలో కత్తిరించిన తునికాకు, ఒక మూల తంబాకు. నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆమె వేళ్ళు బీడీలు చుడుతూనే ఉన్నాయి.

“కాదంటలేను బాయి,” అంది నర్సవ్వ. “మీ మాట మీద ఈ ఒక్కసారి పరీక్షకు కూసోనిస్త. మల్ల ఫేలయితె ఇగ బీడి కార్ఖానాల పేరు రాపిస్త. నేనొక్కదాన్ని చుడితె ఇల్లు నడుస్తదా? పొద్దుందాక దీని చేతులు ఖాళీ ఉండయి. ఇగ సదువు అభ్యాసం ఎప్పుడు చేస్తది?”

లలిత తల వంచుకుని ఆకు కత్తిరిస్తోంది. పదకొండో తరగతిలో చేరాలని ఆ పిల్లకు ఎంత ఆశో నాకు తెలుసు. అక్టోబరు తప్పితే ఆ ఆశకు అక్కడితో చెల్లు.

“చేతులు ఖాళీ లేకుంటె లేకపాయె నర్సవ్వక్కా, చెవులు ఖాళీయే కదా?” అన్నాను. అన్నాక నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంటికెళ్ళి తలుపులు బిగించుకుని, పుస్తకమంతా నా గొంతుతో రికార్డు చేశాను. పక్కింటి పవర్‌లూమ్ ధడధడ ప్రతి కాసెట్‌లోనూ పడింది. మా పేటలో దాన్ని ఎవరూ చప్పుడు కింద లెక్కపెట్టరు కాబట్టి నేనూ లెక్కపెట్టలేదు. టేపు, కాసెట్లు లలిత ఇంటికి చేర్చాను.

నీడ బాగుంటుందని ఆ వరుస ఇళ్ళ ఆడవాళ్ళు తమ చాటలు తెచ్చుకుని నర్సవ్వ వసారాలోనే కూర్చునేవాళ్ళు. లలిత కోసం పెట్టిన పాఠం అందరి చెవుల్లోనూ పడింది. వాళ్ళలో పెద్దది ఈరవ్వ. నేను వీధి మలుపు తిరిగానో లేదో కేకేసేది.

“బాయి, రొట్టె లేదని ఆడోళ్ళంత కలిసి రాజు ఇంటి మీదికి పోయిన్రు గద! తరువాత ఏమాయె? టేపు ఆడికే అయిపాయె.”

ఫ్రెంచి విప్లవం గురించి ఆమె ఆత్రం అది. ఇరవై ఏళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను, క్లాసులో ఒక్క పిల్ల కూడా తరువాత ఏమైందని అడగలేదు.

కొన్ని వారాలకు లలితను పరీక్షించాను. బీడీలు చుడుతూనే విప్లవానికి కారణాలన్నీ గడగడా చెప్పేసింది. నదులడిగితే నదులు, పంటలడిగితే పంటలు. నేను గాల్లో తేలిపోతూ బడికి వచ్చి, యంత్రం మహిమ గురించి హెడ్మాస్టరు గారికి అరగంట ఉపన్యాసం ఇచ్చాను.

తరువాత బడిలో ప్రిలిమ్ పెట్టాను. ప్రిలిమ్ అంటే అసలు పరీక్షకు ముందు అదే పద్ధతిలో రాయించే పరీక్ష. లలిత రెండు వాక్యాలు రాసి ఆగిపోయింది. ఇంకాసేపు చూశాను. పెన్ను కదల్లేదు.

“ఏందే లలితా? మొన్న ఇంట్ల గడగడ చెప్పినవు గద?”

“యాదికొస్తలేదు బాయి.”

అప్పుడు చూశాను ఆ పిల్ల ఎడమచేతిని. బొటనవేలూ చూపుడువేలూ కాగితం మూలను పట్టి చుడుతున్నాయి. మూల సన్నగా, గట్టిగా, అచ్చం బీడీలా చుట్టుకుపోయింది.

“చేతుల ఆకుంటె వస్తది బాయి,” అంది మెల్లగా. “చుడుతుంటె మాట దానంతటదె వస్తది.”

నేను నమ్మలేదు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, ఒళ్ళో చాట పెట్టి అడిగాను. ధారగా చెప్పింది. చాట తీసి పక్కన పెట్టాను. నడి వాక్యంలో ఆగిపోయింది. మళ్ళీ ఇస్తే మళ్ళీ మొదలు! ఈరవ్వ కడుపుబ్బ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పరీక్ష హాల్లోకి చాట పట్టుకుని ఎవరు పోనిస్తారు?

పాఠం చెవిలో పడింది గానీ, పాఠంతో పాటు ఆ చేతికి అలవాటైంది బీడీ. చేతికి పెన్ను అలవాటు కావాలి. దానికి దారి టేపులోనే ఉంది. పాజ్ అనే బటన్ నొక్కితే పాట గానీ మాట గానీ ఉన్నచోట నిలబడుతుంది. ఒక వాక్యం వినాలి, పాజ్ నొక్కాలి, పుస్తకం చూడకుండా రాయాలి, మళ్ళీ వినాలి. రోజూ కనీసం గంట. ఆ గంట మాత్రం లలిత చేతులు బీడీల నుంచి పూర్తిగా విడుదల కావాలి.

ఆ గంట కూలి పోతుందని తెలిసే అడిగాను. నర్సవ్వ చుట్టడం ఆపింది. నేను ఆ ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టినప్పటినుంచీ ఆమె వేళ్ళు ఆగడం అదే మొదటిసారి.

ఈరవ్వ ముందుకు జరిగి లలిత చాటను తన వైపు లాక్కుంది. “గంట సేపు రాసుకోనియ్యి పిల్లను. దీని ఆకు మేం తలా ఇంత పంచుకుంటం. నువ్వు ఫికర్ చెయ్యకు నర్సీ.” గుప్పెడు ఆకు తన చాటలో వేసుకుని, మిగిలింది పక్కామెకు తోసింది. “కాని ఒక మాట. టేపు నడుమ నడుమ ఆపుతే మాకు కత తెగిపోతది. పిల్ల రాసిందంత మాకు గట్టిగ చదివి ఇనిపియ్యాలె.”

అంతకంటే మంచి రివైజన్ నేను కూడా ఆలోచించలేదు. అక్కడే ఏడ్చేదాన్ని, నవ్వి ఊరుకున్నాను.

మరునాటి నుంచి అదే పని. మొదట్లో లలిత చెయ్యి నొప్పెట్టేది, అక్షరాలు వంకర పోయేవి, కాగితం మూలలు చుట్టుకునే ఉండేవి. చదివేటప్పుడు ఏదైనా వదిలేస్తే వసారా ఊరుకునేది కాదు. “ఆడోళ్ళు రాజు ఇంటికి పోయింది ఇడిసిపెట్టినవేందే? అదే గద అసలు సంగతి!” అని ఈరవ్వ దబాయించేది. పరీక్ష దగ్గరపడేసరికి కాగితాల మూలలు చదునుగా ఉండసాగాయి. నేను ఆన్సర్ల కంటే ముందు ఆ మూలలే చూసేదాన్ని.

లలిత పాసయింది. గొప్ప మార్కులేం కావు, కానీ పాస్! ఆ వార్త చెప్పడానికి నేనే కాలనీకి పరుగెత్తాను. నర్సవ్వ చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుంది. “పదకొండుల పేరు ఎప్పుడు రాపియ్యాలె బాయి?” అని అడిగింది. కార్ఖానా ఊసు ఎత్తలేదు.

“మరి మేం పాసయినమా బాయి?” అంది వెనకనుంచి ఈరవ్వ. వసారా అంతా నవ్వింది. అందరూ ఫస్టు క్లాసే అన్నాను. ఈరవ్వ నవ్వలేదు. “అట్లయితె ఇంకేమన్న టేపుంటె తెచ్చియ్యి,” అంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం జీతం పెరిగినప్పుడు కూడా కలగలేదు.

కొన్నేళ్ళకు మా బడికి కంప్యూటర్లు వచ్చాయి. బడి వదిలాక గంట సేపు క్లాసు పెట్టారు. మగపిల్లలు ఎగబడ్డారు, ఆడపిల్లలు రాలేదు. వాళ్ళకు ఇంట్రెస్టు లేదు అన్నారు నేర్పడానికి వచ్చిన సారు. నేను ఆయనతో వాదించలేదు. కాలనీకి వెళ్ళి వసారా వసారాలోనూ కూర్చుని, ఈ గంట సేపు మీ పిల్ల ఆకు ఎవరు చుడతారని అడిగాను. ఒకచోట చిన్నమ్మ ఒప్పుకుంది, ఒకచోట అవ్వ, ఒక ఇంట్లో సణుక్కుంటూ తండ్రి. తరువాతి వారం ఆడపిల్లలు కూర్చోవడానికి కుర్చీలు చాలలేదు.

కొత్త యంత్రాలంటే నాకు ఇప్పటికీ మోజే. ఒక యంత్రం ఏమేం చేస్తుందో ఎవరైనా వివరంగా చెబితే నోరు తెరుచుకుని వింటాను. అంతా విన్నాక మాత్రం ఒక్కటే అడుగుతాను, పిల్ల దాని ముందు కూర్చున్నంతసేపూ ఇంట్లో ఆ పిల్ల పని ఎవరి ఒళ్ళో పడుతుందని. జవాబు దొరికిన చోట మాత్రమే ఆ యంత్రం పాఠం చెప్పడం చూశాను.