పిడికెడు బియ్యం, సభ్యుల రిజిస్టరు

సంఘానికి ఆదాయం నిలబడాలంటే ఏం చేయాలి, యువతను గుడికి రప్పించాలంటే ఏం చేయాలి అని ఈమధ్య మా సంఘంవాళ్ళు ఒక సభ పెట్టారు. ఒకప్పుడు కువైట్‌లో తెలుగు క్రైస్తవ సంఘానికి యూత్ సెక్రటరీగా చేసినదాన్ని కాబట్టి నా అనుభవం చెప్పమని పిలిచారు. ఒంట్లో బాగాలేదని తప్పించుకున్నాను. నిజానికి నేను శుభ్రంగానే ఉన్నాను. నా అనుభవం అక్కడ చెబితే సభ పెట్టినవాళ్ళకు మింగుడుపడదు. చెప్పకుండా దాచుకుంటే నాకే అరగడం లేదు. అందుకే రాస్తున్నాను.

1990లో ఇరాక్ సైన్యం వచ్చేనాటికి నేను అక్కడ ఒక ఆసుపత్రిలో నర్సును. ఇరవయ్యారేళ్ళ వయసు. మా సంఘానికి సొంత గుడి లేదు. సిటీలో ఒక చర్చి ఆవరణలో ఉన్న హాలును శుక్రవారం రెండు గంటలు అద్దెకు తీసుకునేవాళ్ళం. మాకు ముందు మలయాళంవాళ్ళు, మా తర్వాత తమిళులు. ఆ ఏడాది అద్దె పెంచారు. కట్టలేకపోతే మా రెండు గంటలూ ఇంకో భాషవాళ్ళకు పోతాయని ఒక బెంగ. ఇంజనీర్ల పిల్లలు, డాక్టర్ల పిల్లలు గిటార్లు వాయించే ఇంగ్లీషు ఆరాధనకు వెళ్ళిపోతున్నారని ఇంకో బెంగ. మా సంఘపెద్ద విజయవాడ మనిషి, షుఐబా రిఫైనరీలో ఇంజనీరు. యువత లేకపోతే పదేళ్ళలో ఈ సంఘానికి తలుపులు మూసుకోవాల్సిందేనని ప్రతి కమిటీలోనూ అనేవారు.

ఆయన ఆ మాట అంటున్నప్పుడు హాలు వెనకాల, చెప్పులు విడిచే చోటు పక్కనే, చాపల మీద పాతికమంది అమ్మాయిలు కూర్చుని ఉండేవారు. గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు. ఒకామెకు పంతొమ్మిది, ఇంకొకామెకు ఇరవై. ఇంటి యజమానురాలిని అక్కడ మామా అంటారు. ఆ మామా దయతలచి వదిలిన శుక్రవారమే వాళ్ళకు ఆరాధన. అయినా మా అందరికంటే గొంతెత్తి పాడేది వాళ్ళే. వాళ్ళు యువత అని మాలో ఒక్కరికీ తట్టలేదు. యూత్ సెక్రటరీనై ఉండి నాకూ తట్టలేదు. మా లెక్కలో వాళ్ళు పనివాళ్ళు. యువత అంటే జీతం చేతికొచ్చేవాళ్ళు, లేదంటే పెద్ద జీతాలవాళ్ళ పిల్లలు.

ఆదాయానికి ఒక దారి పెద్దగారి భార్య చెప్పింది. మన ఊళ్ళల్లో అమ్మలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేస్తారు కదా, ఆదివారం ఆ బియ్యం గుడికి తెస్తారు కదా, ఇక్కడా అదే చేద్దామంది. ఆరాధన అయ్యాక ఆ బియ్యాన్ని వేలం వేస్తే కుర్రాళ్ళు గదుల్లో వండుకోవడానికి కొనుక్కుంటారు. అందరికీ నచ్చింది. రెండు మూడు నెలల్లోనే అద్దె బెంగ తీరింది. మిగిలిన డబ్బుతో, పిల్లలు తిరిగి వస్తారన్న ఆశతో, ఒక కీబోర్డు కూడా కొన్నాం. పిల్లలు మాత్రం రాలేదు.

చాపల మీద అమ్మాయిలూ సంచుల్లో బియ్యం తెచ్చేవారు. వాళ్ళలో జాబ్రియా అనే పేటలో పనిచేసే అమ్మాయి తెచ్చేది పొడుగాటి గింజ, మంచి బాసుమతి. ఒక శుక్రవారం ఒక డాక్టరుగారి భార్య ఆ గింజల్ని అరచేతిలో పోసుకుని చూసి, ఇంత ఖరీదైన బియ్యం ఈ పిల్ల ఎక్కడ కొన్నదని అడిగింది. అంతే, అందరి ముఖాలూ మారిపోయాయి. మన అమ్మలు తమ ఇంటి బియ్యంలోంచి పిడికెడు తీసేవారు. ఈ పిల్లలు వండేది పరాయి ఇంటి బియ్యం. అందులోంచి పిడికెడు తీస్తే దొంగతనమవుతుందని ఆ పథకం పెట్టిన రోజున మాలో ఒక్కరం కూడా ఆలోచించలేదు. రేపు ఏ మామా అయినా పోలీసులకు చెబితే హాలు పోతుందని కమిటీ భయపడింది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు ఇకమీద బియ్యం తేకూడదన్నారు. బదులుగా నెలకు అరదీనారు చందా కట్టాలన్నారు. కట్టలేనివాళ్ళు వచ్చి కూర్చోవచ్చు గానీ సభ్యుల రిజిస్టరులో పేరు ఉండదని తేల్చారు.

ఈ మాట చెప్పే పని నాకు అప్పగించారు. జాబ్రియా అమ్మాయి అంతా విని నెమ్మదిగా అంది.

"మామా నన్ను తినమని పెట్టిందాంట్లోంచి తీసిందేనండక్కా. ఒకరిది ఎత్తుకొచ్చి దేవుడికి ఇస్తానేటండి?"

నేను నమ్మాను. ఆమె ఒక పూట అన్నం తగ్గించుకుని తెచ్చిందని ఆ మెడ ఎముకలు చూస్తేనే తెలుస్తోంది. నమ్మానని కమిటీలో చెప్పొచ్చు, నేను నోరు మెదపలేదు. చందా సంగతి అడిగితే, జీతం రెండేళ్ళయ్యాక ఒకేసారి ఇస్తానని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, తన దగ్గరే అట్టేపెట్టుకున్నాడంది. ఆ సాయంత్రం నా దగ్గరుండే రిజిస్టరు తీసి ఆమె పేరు కొట్టేశాను. పేరుతో పాటు ఊరు, పనిచేసే ఇల్లు అన్నీ. నీటుగా పని చేస్తానని నాకు పేరు. ఒక్క అక్షరం కూడా కనపడకుండా కొట్టేశాను. ఆమె మాత్రం శుక్రవారం రావడం మానలేదు. ఖాళీ చేతులతో వచ్చి అదే చాప మీద కూర్చునేది.

ఆగస్టులో సైన్యం వచ్చింది. బ్యాంకులు మూసేశారు, సంఘం డబ్బు అందులోనే ఉండిపోయింది. మేం అన్ని నెలలు కూడబెట్టింది ఒక్క రొట్టె కూడా కొనలేకపోయింది. నర్సుల హాస్టల్లో ఉండటానికి భయమేసి నేను సాల్మియాలో పెద్దగారి ఫ్లాటులో చేరాను. ఇంకో నాలుగు కుటుంబాలు అప్పటికే అక్కడున్నాయి. రెండు వారాలకు బియ్యం అయిపోయాయి. పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. అప్పుడు పెద్దగారి భార్యకు జాబ్రియా అమ్మాయి గుర్తొచ్చింది. ఆ పిల్ల యజమానులు ఎండాకాలమని లండన్ వెళ్ళారు, ఇల్లూ సామాను గది తాళాలూ ఆ పిల్ల చేతిలోనే ఉన్నాయంది. నర్సు బట్టల్లో ఉన్నవాళ్ళను సైనికులు పెద్దగా ఆపడం లేదు కాబట్టి కారిచ్చి నన్నే పంపారు.

ఆ ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. నన్ను చూసి ఏడ్చింది. బియ్యం కావాలంటే సామాను గది తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. మామాను అడక్కుండా ఇవ్వడం తప్పు కాదా అని అడిగింది. ఆకలి వేళ తప్పు కాదని చెప్పాను. ఎంత సులువుగా అనేశానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బస్తా మోసి కారులో పెట్టింది కూడా ఆమే. ఆ పూట పెద్దగారు అన్నం ముందు కళ్ళు మూసుకుని, దేవుడే ఆకాశం నుంచి ఇచ్చాడని ప్రార్థన చేశారు. డాక్టరుగారి భార్య రెండుసార్లు వడ్డించుకుంది. గింజ పొడుగు ఎంతో ఎవరూ చూడలేదు.

అలా మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి, సంఘంవాళ్ళు బస్సు మాట్లాడారని, జోర్డాన్‌లో అమ్మాన్ దాకా వెళ్తే అక్కణ్ణుంచి బొంబాయికి విమానం ఉందని ఆమెకు చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నా పేరూ రాయండక్కా. రాత్రుళ్ళు గేటు కొడుతున్నారండి. ఒక్కదాన్నే ఉండలేనండి."

రాస్తానన్నాను.

పెద్దగారిని అడిగితే, రిజిస్టరులో పేరున్నవాళ్ళకే సీటు అన్నారు. ఒకరికి ఇస్తే చాపల మీదవాళ్ళంతా వస్తారు, ఎవరిని కాదంటాం అన్నారు. ఆయన్ని తిట్టుకుని చేతులు దులుపుకోవచ్చు, చాలా ఏళ్ళు అదే చేశాను. కానీ బస్సు జాబితా రాసింది నేను. బయల్దేరే ముందురోజు మధ్యాహ్నం, మా సంఘంలో ఇంకో నర్సు రోగులను వదిలి రానని కబురు పెట్టింది. ఒక సీటు ఖాళీ అయింది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. పేరు రాసి, జాబ్రియా వెళ్ళి ఆమెను తెచ్చుకుంటే అడిగేవాళ్ళు లేరు. కానీ ఆ ఉదయమే దారిలో ఒక నర్సును ఆపి లాక్కెళ్ళారని విన్నాను. భయపడ్డాను. బియ్యం కోసం మూడుసార్లు వెళ్ళినదాన్ని, మనిషి కోసం నాలుగోసారి వెళ్ళలేకపోయాను.

మర్నాడు ఆ ఖాళీ సీట్లో కీబోర్డు పెట్టారు. పైన వేస్తే ఎండకు పాడవుతుందని, సంఘం ఆస్తి అని పెద్దగారు అన్నారు. నా పక్క సీటే. బస్రా దాటాక తనిఖీలో సైనికులు దాన్ని దించేసుకున్నారు. అక్కణ్ణుంచి జోర్డాన్ సరిహద్దు దాకా నా పక్కన ఎవరూ లేరు.

సరిహద్దు దగ్గర ఎడారిలో గుడారాలు. అక్కడ రిజిస్టరు తెరిచాను. కనీసం ఆమె ఊరు తెలిస్తే ఇంటికి ఉత్తరమైనా రాయొచ్చని. కాగితాన్ని ఎండకు ఎత్తి పట్టి చూశాను, వెనక్కి తిప్పి చూశాను. ఏమీ కనపడలేదు. రాజోలు వైపు అని ఎప్పుడో అన్నట్టు గుర్తు, అంతే. ఆమె ఏమైందో ఈరోజుకీ నాకు తెలియదు.

శుక్రవారం వచ్చింది. గుడారం నీడలో అందరం ఇసుక మీద కూర్చున్నాం. పెద్దగారు రిజిస్టరు చూసి ఒక్కొక్క పేరే పిలిచారు. వచ్చినవాళ్ళందరూ పలికారు. రాని నర్సు క్షేమం కోసం ప్రార్థించారు. తర్వాత ఆయన చేతులెత్తారు.

"మా సంఘంలో ఒక్క ఆడపిల్లకు కూడా ఆపద రాకుండా తీసుకొచ్చావు తండ్రీ."

అందరూ నావైపు చూస్తున్నట్టు అనిపించి తలెత్తాను. ఎవరూ చూడటం లేదు. అందరి కళ్ళూ మూసుకునే ఉన్నాయి. నేనూ కళ్ళు మూసుకుని, అందరితో పాటు గట్టిగా ఆమేన్ అన్నాను.