ఇద్దరి సామాను

గుడారాలూ, లారీల మీద కప్పే పట్టాలూ కుట్టే షెడ్డులో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్న ఆ మనిషిని పిచ్చుక అని పిలిచేది వాళ్ళ వదిన ఒక్కతే. అన్నయ్యను పెళ్ళాడి ఇంట్లో అడుగుపెట్టిన మొదటి వారంలోనే, బక్కపలచగా గెంతుతూ నడిచే ఆడపడుచుకు ఆమె ఆ పేరు తగిలించింది. ఆడపడుచు హోదా కాస్త చూపిద్దామనుకున్న పిల్లకు ఇక ఆ ముచ్చట తీరనేలేదు. తర్వాత పాతికేళ్ళూ ఇద్దరూ ఒకరినొకరు దెప్పుకుంటూనే, ఒకరిని విడిచి ఒకరు ఉండలేకుండా గడిపారు. పిచ్చుక కాపురం మూడేళ్ళకే చెడి వెనక్కి వచ్చినప్పుడు, పక్క వీధిలో గది వెతికి, పరుపు నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చింది కూడా వదినే.

వదిన ఉద్యోగం ఉత్తరాలు పంచడం. ఊరంతా ఎత్తుపల్లాలు. ఇరవై రెండేళ్ళు సంచితో సైకిలు తొక్కి తొక్కి ఆమె పిక్కలు బండల్లా తయారయ్యాయి. కొండదారుల పందెం కబురు మోసుకొచ్చింది ఆమే. ఆరు రోజుల్లో ఆరువందల కిలోమీటర్లు, దాదాపు అంతా మట్టిదారి, రాళ్ళదారి. ఎవరి సామాను వాళ్ళే మోసుకోవాలి, ఏది పాడైనా వాళ్ళే బాగుచేసుకోవాలి. దారిలో దుకాణం తెరిచి ఉంటే కొనుక్కోవచ్చు గానీ, అయినవాళ్ళు ఎదురొచ్చి ఒక్క రొట్టెముక్క ఇచ్చినా పందెంలోంచి తీసేస్తారు. జంటగా వెళ్ళేవాళ్ళకు ఒకటే వెసులుబాటు, సామాను ఇద్దరూ పంచుకోవచ్చు.

మొదటి ఏడు ఇల్లు ఖాళీ చేసి వెళ్తున్నట్టు బయల్దేరారు. రెండు గిన్నెలు, మూడేసి జతల బట్టలు, వదిన పట్టుబట్టి పెట్టిన దిండు. మూడో రోజు మధ్యాహ్నానికి చేరాల్సిన చోటికి సాయంత్రం చేరారు. గడువు దాటిందని అక్కడే పందెంలోంచి తీసేశారు. రెండో ఏడు ఆ కోపంతో అన్నీ తీసిపారేశారు. కొండ మీద వాన పట్టుకునేసరికి ఆరిన చొక్కా ఒక్కటీ లేక, పళ్ళు టకటకలాడుతుంటే తామే వెనుదిరిగారు. అన్నయ్య నీటి పంపుల దగ్గర పనిచేసేవాడు, మాటలు తక్కువ మనిషి. తడిసి ముద్దయి ఇంటికొచ్చిన ఇద్దరినీ చూసి వేడినీళ్ళు పెట్టి ఊరుకున్నాడు.

మూడో ఏటికి పిచ్చుక పని తన చేతుల్లోకి తీసుకుంది. షెడ్డులో మిగిలిన పలచటి నైలాను గుడ్డ యజమానినడిగి తెచ్చి, సంచులన్నీ కొత్తగా కుట్టింది. సీటు వెనక్కి పొడుగు సంచి, ఫ్రేము మధ్యలోకి మూడు మూలల సంచి, హ్యాండిల్‌కు కట్టే చుట్ట. ఇద్దరికీ కలిపి ఒకటే బొంత, అదీ కాళ్ళ దగ్గర పలచగా, ఛాతీ దగ్గర మందంగా. టెంటుకు మడతపెట్టే కర్రలు మానేసి, సైకిలు చక్రమే ఊతంగా నిలబడేట్టు కత్తిరించింది. కుట్టు పడిన ప్రతిచోటా నీళ్ళు దిగకుండా జిగురు రాసింది. పళ్ళుతోముకునే బ్రష్షు పిడి సగానికి కోసింది. వంటింటి కాటా మీద పెట్టి తూచని వస్తువు ఇంట్లో లేకుండా పోయింది. బొంత తొమ్మిదివందల గ్రాములు, పంపు నూట పది, ఇద్దరికీ ఒకటే చెంచా పదకొండు.

పందేనికి ముందు ఆరు వారాలూ సెలవు రోజున వదిన ఇంటి ముందుగదిలో నేల మీద సామానంతా పరిచి సర్దడం, విప్పడం, మళ్ళీ సర్దడం. అప్పుడే పిచ్చుకకు అనుమానం మొదలైంది. టైరు విప్పే లివర్లు సంచిలో పెట్టి, రెండు నిమిషాల్లో అవెక్కడ అని వదిన గదంతా వెతికింది. దొరికితే నవ్వి పెట్టింది, మళ్ళీ వెతికింది. ఒక రోజు స్టవ్వును చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, దీన్ని ఎక్కడ బిగిస్తారని అడిగింది. రెండేళ్ళ కిందట అది కొన్నది ఆమే.

పోస్టాఫీసులో ఉత్తరాలు వేరే గుమ్మాల్లో పడుతున్నాయని ఆమెను వీధి పని నుంచి తప్పించి లోపల కూర్చోబెట్టిన సంగతి అన్నయ్య ద్వారా తెలిసింది. మీ వదిన ఈమధ్య ఎలా ఉందని అతను పిచ్చుకనే అడిగాడు. సైకిళ్ళ మీద వాళ్ళిద్దరూ రోజూ గంటలకొద్దీ కలిసి తిరుగుతారు కాబట్టి, తనకంటే ఆమెకే బాగా తెలుస్తుందని అతని నమ్మకం. అలసట అన్నయ్యా, పందెం అయ్యాక నాలుగు రోజులు నిద్రపోతే సర్దుకుంటుందని పిచ్చుక చెప్పింది. చెబుతూ ఎదురుగా గోడ మీది గడియారం వైపు చూసింది.

ఆ వారమే వదిన సామాను మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని, సామాను జాబితా రాసుకున్న కాగితం పిచ్చుక చేతిలో పెట్టింది.

"ఇక నువ్వే పట్టుకో. చదువుతుంటే జారిపోతోంది నాకు."

"కళ్ళజోడు మార్చాలేమో వదినా."

"కళ్ళు కాదే. నీకు తెలుసు, నాకూ తెలుసు. మీ అన్నయ్యకు మాత్రం చెప్పకు. చెప్తే ఆపేస్తాడు." టైరు లివర్లు ఒళ్ళోకి లాక్కుంది. "ఒక్కసారి చివరిదాకా వెళ్ళొద్దాం. ఆ తర్వాత ఏమైనా కానీ."

పిచ్చుక చెప్పలేదు. వదిన కోసమే చెప్పలేదని తనకు తాను సర్దిచెప్పుకుంది. కానీ ఆరు రోజులు మిషను ముందు కూర్చోనక్కర్లేకుండా, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా కొండల్లో తిరిగే ఆ పందెం తనకెంత కావాలో కూడా ఆమెకు తెలుసు.

సామాను పంపకం మార్చేసింది. పనిముట్లు, ట్యూబులు, స్టవ్వు, మందులు తన సైకిలుకు వేసుకుంది. వెతుక్కునే పనిలేని పెద్దవన్నీ, బొంత, బట్టలు, తిండి, వదిన సైకిలుకు కట్టింది. నన్నప్పుడే ముసలిదాన్ని చేశావా అని వదిన వేళాకోళమాడింది. దారి చూపించే చిన్న యంత్రాలు ఇద్దరికీ చెరొకటి ఉండేవి. మీటలు నొక్కి నొక్కి తికమకపడి వదిన చిన్నబుచ్చుకుంటుంటే చూడలేక, రెండోదాన్ని పిచ్చుక అల్మరాలో పెట్టేసింది. నూట ఇరవై గ్రాములు తగ్గుతుందని వదినకు చెప్పింది. మొత్తం సామాను పదకొండు కిలోలు తేలింది, ఇద్దరికీ కలిపి. మొదటి ఏడు ఒక్కొక్కరిదీ పంతొమ్మిది.

పందెంలో మొదటి రోజు అంత హాయిగా గడిచిన రోజు పిచ్చుక జీవితంలో మళ్ళీ రాలేదు. సైకిలు మీద వదినకు మరుపన్నదే లేదు. ఏ రాయిని ఎటు తప్పించాలో, ఎత్తు ఎక్కేముందు ఎప్పుడు ఊపిరి దాచుకోవాలో ఆమె కాళ్ళకు తెలుసు. ఎక్కుడు దారుల్లో ముందు వెళ్ళి, పైన నిలబడి, కుట్టుమిషను ముందు కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందా అని కేకలేసింది. ఆ రోజు నూట ఎనిమిది కిలోమీటర్లు తొక్కారు.

రెండో రోజు మధ్యాహ్నం ఒక పొడుగాటి పల్లంలో దిగుతుండగా పిచ్చుక వెనక టైరు పదునైన రాయికి కోసుకుపోయింది. వదిన ముందుంది. ఆగమని అరిస్తే గాలికి వినబడలేదు. సూదితో టైరు కుట్టి, ట్యూబు మార్చేసరికి అరగంట పట్టింది. కిందికి దిగితే దారి రెండుగా చీలి ఉంది, వదిన లేదు. పందెం దారి కుడివైపు. అటు ఏడు కిలోమీటర్లు వెళ్ళి, ఎదురైన పశువుల కాపరి ఆడమనిషెవరూ ఇటు రాలేదంటే వెనక్కి తిరిగి ఎడమదారి పట్టింది. పందెం వాళ్ళకు ఫోను చేయాలంటే సిగ్నలు లేదు.

పొద్దు వాలేవేళకు, చెట్లు కొట్టేవాళ్ళ లారీ ఒకటి ఎదురొచ్చి ఆగింది. కింద ఎండిన వాగులో ఒకావిడ పడి ఉందని, కదిలించడానికి భయమేసి ఒక మనిషిని కాపలా పెట్టి వచ్చామని డ్రైవరు చెప్పాడు.

వదిన ఎముక విరిగిన భుజాన్ని వేలాడేసుకుని ఇసుకలో కూర్చుని ఉంది. రెండో చేత్తో తన సంచులన్నీ విప్పేసింది. బొంత, మేజోళ్ళు, చొక్కాలు, ఖర్జూరాల పొట్లాలు, అన్నీ రాళ్ళ మీద వరసగా పేర్చి ఉన్నాయి. కాపలా ఉన్న మనిషిని ఇందులో ఏది తక్కువైందో చూసి చెప్పమని అడుగుతోంది. పిచ్చుకను చూసి కూడా అదే అడిగింది.

ఆస్పత్రిలో భుజానికి కట్టు కట్టారు, తలకు పరీక్షలు చేశారు. ఈ మతిమరుపు జబ్బు ముసలితనంలోనే వస్తుందనుకుంటాం గానీ ఇంత చిన్న వయసులోనూ వస్తుందని, మొదలై రెండేళ్ళయినా అయి ఉంటుందని, తగ్గే మందు లేదని డాక్టరమ్మ చెప్పింది. వరండాలో అన్నయ్య చెల్లెలి పక్కన కూర్చున్నాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

అతను తిట్టలేదు. చెయ్యి చాపాడు. "ఇంటి తాళంచెవి నీ దగ్గరొకటి ఉంది కదా. ఇచ్చి వెళ్ళు."

ఎనిమిది నెలలు మాటల్లేవు. పక్క వీధే అయినా పిచ్చుక చుట్టు తిరిగి పనికి వెళ్ళేది. షెడ్డులో పట్టాలకు అంచులు కుడుతూ, ఆ ఎడమదారి దగ్గర వదిన ఒక్క క్షణం ఆగి ఉంటుందా, ఎటు అని వెనక్కి తిరిగి చూసి ఉంటుందా అని ఆలోచించేది. ఆలోచించి తేల్చగలిగింది ఏమీ లేదు.

తర్వాత ఒక రోజు అన్నయ్యే షెడ్డుకు వచ్చాడు. సగానికి సగమయ్యాడు. వదిన తలుపు తీసుకుని వెళ్ళిపోతోందని, రెండుసార్లు ఎవరో తీసుకొచ్చి అప్పగించారని, పేరూ చిరునామా ఉన్న గుడ్డ ఆమె బట్టలన్నిటికీ లోపలివైపు కుట్టాలని చెప్పాడు. క్షమించానని అనలేదు. ఆదివారాలు పగలు రావచ్చని, ఆ పూట తనకు పంపుల దగ్గర పని ఉంటుందని మాత్రం అన్నాడు.

పిచ్చుక ప్రతి ఆదివారం వెళ్తుంది. వదినకు స్నానం చేయిస్తుంది, తల దువ్వుతుంది, ముద్దలు కలిపి పెడుతుంది. మొదట్లో ఏమే అన్న పిలుపు అప్పుడప్పుడూ వినబడేది. అది వినబడిన రోజు సాయంత్రం దాకా అక్కడే కూర్చునేది. మొన్న మొన్నటి నుంచి అదీ లేదు.

క్రిందటి ఆదివారం పిచ్చుక లోపలికి అడుగుపెట్టగానే వదిన మర్యాదగా లేచి నిలబడింది. పాతికేళ్ళలో ఏనాడూ అనని మాట అంది.

"మీరు కూర్చోండి. ఆయన ఇప్పుడే వచ్చేస్తారు."

పిచ్చుక కూర్చుంది.