ఆదిశేషుగారు నమ్మరు

ఆదిశేషుగారు ఎవర్నీ నమ్మరు. పాల డబ్బా మీద తేదీ ఇంకా వారం ఉన్నా మూత తీసి వాసన చూస్తారు. మా ఇంటికి భోజనానికి వస్తే, "ఈ పెరుగు ఇంట్లో తోడుపెట్టిందేనా అమ్మా?" అని నన్నడిగి, నేను ఔనన్నాక మా ఆయన్ని విడిగా తీసుకెళ్ళి మళ్ళీ అడుగుతారు. అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో ఒక కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించడం ఆయన ఉద్యోగం. అంతకన్నా తగిన మనిషి వాళ్ళకి దొరకడు.

1984లో ఆయన భార్య కామేశ్వరిగారికి మెడ నుంచి మడమల దాకా నొప్పులు పట్టుకున్నాయి. నిద్ర లేదు. కోటు గుండీ పెట్టుకోవాలన్నా వేళ్ళు సలుపుతాయి. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు చూస్తే ఏ లోపమూ లేదు. రెండేళ్ళలో ముగ్గురు డాక్టర్లు చేతులెత్తేశాక నాలుగో ఆయన, దీన్ని ఈమధ్య ఫైబ్రోమయాల్జియా అంటున్నారని చెప్పి, చేత్తో మెల్లగా మర్దన చేయించమని ఫిజికల్ థెరపీకి రాశాడు. ఆ క్లినిక్‌లో థెరపిస్టుని నేనే.

"తెలిసిన అమ్మాయివే అనుకో వసుమతీ," అంటూ ఆయన గోడమీది నా సర్టిఫికెట్ దించి, ఫ్రేము వెనక కూడా చూశారు. "ముందు నాకు చెయ్యి. ఆ తర్వాతే ఆవిడకి."

బల్లమీద బోర్లా పడుకున్నారు, బూట్లతో సహా. విప్పితే ఎవరైనా ఎత్తుకుపోతారట.

"ఎంత బలంగా నొక్కుతున్నావు?"

"మెల్లగానే బాబాయిగారూ."

"మెల్లగా అంటే? ఎన్ని పౌండ్లు?"

మర్నాడు వంటింటి త్రాసు పట్టుకొచ్చారు. "దీనిమీద నొక్కు." నొక్కాను. "మూడున్నర," అని నోటుబుక్కులో రాసుకున్నారు. అప్పట్నుంచి వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. "మొన్న మూడున్నర, ఇవాళ నాలుగు. ఏమ్మా, ఇంట్లో గొడవా?"

నిజంగానే గొడవ. అందుకే ఆయన మీద నాకు ఇంకా ఒళ్ళు మండింది.

ఆరు వారాలకి కామేశ్వరిగారికి నాలుగు గంటల నిద్ర పడుతోంది. అప్పుడే క్లినిక్ పెద్ద డాక్టరు చూడటానికొచ్చాడు. కాగితాలు తిరగేశాడు. "టెస్టులన్నీ నార్మల్. ఆవిడకి ఇంటి మీద బెంగ, అంతే. థెరపీ ఆపేద్దాం," అన్నాడు ఇంగ్లీషులో. కామేశ్వరిగారు తలొంచుకుని కోటు అందుకున్నారు.

ఆదిశేషుగారు తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుక్కూర్చున్నారు.

"డాక్టర్, యు లుక్డ్ ఎట్ ది పేపర్స్ ఫోర్ మినిట్స్. ఎట్ మై వైఫ్, జీరో. ప్లీజ్ ప్రెస్ హర్ షోల్డర్. జెంట్లీ. త్రీ అండ్ హాఫ్ పౌండ్స్."

డాక్టరు నవ్వుతూ బొటనవేలు ఆనించాడు. "అమ్మా!" అని ఆవిడ ఎగిరిపడ్డారు. మోచేతి దగ్గరా అంతే, మోకాలి దగ్గరా అంతే. డాక్టరు మొహంలో నవ్వు పోయింది. కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుని మొదట్నుంచీ అడగడం మొదలుపెట్టాడు. ఇంకో ఎనిమిది వారాలు రాసిచ్చాడు.

ఆదిశేషుగారు కారు తేవడానికి వెళ్ళినప్పుడు ఆవిణ్ణి అడిగాను. "పిన్నిగారూ, ఇంత అనుమానం మనిషితో ఎలా వేగుతున్నారు?"

ఆవిడ కోటు సర్దుకుంటూ అన్నారు. "రెండేళ్ళుగా నొప్పి నొప్పి అంటున్నానమ్మా. అందరూ 'నిజంగానేనా?' అన్నవాళ్ళే. మా అక్క కూడా ఉత్తరంలో అదే రాసింది. ఈయన మాత్రం ఒక్కనాడూ ఆ మాట అడగలేదు. వేణ్ణీళ్ళ సంచీ ఎక్కడుందని అడిగారు."

పూర్తిగా పోయే జబ్బు కాదది. అయినా మే నెలలో ఒకరోజు ఆవిడ మర్దన అయ్యాక చెంగున బల్ల దిగి, "ఇవాళ హాయిగా ఉందండీ. ఇంటికి కారు నేనే డ్రైవ్ చేస్తాను," అన్నారు.

ఆయన కళ్ళజోడు సవరించుకుని ఆవిణ్ణి పైనుంచి కిందికి చూశారు.

"నా సంతోషం కోసం చెప్తున్నావు. నేను నమ్మను," అంటూ కారు దగ్గరికి వెళ్ళి, ఆవిడ కోసం పక్కసీటు తలుపు తీసి పట్టుకున్నారు.